ఆగాల్సిన చోట ఆగే చెయ్యి

పాత యంత్రాల్ని వాడినవాళ్ల కంటే బాగుచేసినవాళ్లే ఎక్కువ పాడుచేశారు. ఇరవై ఏళ్లు మామిడి మొద్దులు కోసి, ఇంకో ఇరవై ఏళ్లు కొట్టం అటక మీద పడున్న చైన్‌సాలో ప్రాణం మిగిలే ఉంటుంది. అదే మిషన్ ఆదివారం పొద్దున ఒక ఉత్సాహవంతుడి చేతికి చిక్కిందా, సాయంత్రానికి పనైపోతుంది. స్క్రూల తలలు అరిగి గుండ్రమవుతాయి. సుత్తి దెబ్బకి సిలిండర్ రెక్క విరుగుతుంది. స్టార్టర్ స్ప్రింగు ఎగిరి ఎక్కడ పడిందో తెలీదు. మిగిలిన ముక్కలు గోనెసంచిలోకి చేరతాయి, ఆ సంచి నెలాఖరుకి కబాడీ బండెక్కుతుంది.

అందుకే పాత చైన్‌సాలు సేకరించి నడిపించే సరదా గురించి రాస్తూ, ఎలా విప్పాలన్నదానికంటే ఎక్కడ ఆపాలన్నదాని మీదే ఎక్కువ మాట్లాడతాను. కొనేటప్పుడు ఆగాలి, విప్పేటప్పుడు ఆగాలి, రంగు కొట్టేటప్పుడు ఆగాలి, కట్టె కోసేటప్పుడైతే మరీ ఆగాలి. ఈ సరదాలో డబ్బు పోగొట్టుకున్నవాళ్లనూ, వేళ్లు పోగొట్టుకున్నవాళ్లనూ, ఇంట్లో మనశ్శాంతి పోగొట్టుకున్నవాళ్లనూ పక్కపక్కన నిలబెట్టి చూస్తే అందరిదీ ఒకటే జబ్బు.

ఇంజన్ల ఊళ్లో ఉండటం ఒక అదృష్టం

జహీరాబాద్ అడవి ఊరు కాదు. ఎర్రనేల, చెరకు, ఆలుగడ్డ, అల్లం, పక్కనే కోహీర్ జామతోటలు. నలుగురు మనుషుల చుట్టుకొలత ఉన్న టేకు మాన్లు ఇక్కడ కనబడవు. అయినా ఈ సరదాకి ఇంతకంటే అనువైన ఊళ్లు తెలంగాణలో తక్కువే ఉంటాయని నా అభిప్రాయం. 1980లలో హైదరాబాద్ ఆల్విన్ సంస్థ జపాన్ నిస్సాన్‌తో చేతులు కలిపి క్యాబ్‌స్టార్ చిన్న లారీలు తయారుచేసింది ఇక్కడే. తర్వాత అది మహీంద్రా చేతికొచ్చింది. 2013లో ట్రాక్టర్ల ప్లాంటు కూడా మొదలైంది. ఊరి మీదుగా పోయే 65వ జాతీయ రహదారి పుణే నుంచి మచిలీపట్నం దాకా సాగుతుంది. లారీలు ఆగుతాయి, చెడిపోతాయి, బాగుపడతాయి. చెరకు సీజన్లో ట్రాక్టర్లదీ అదే కథ. లేతు, వెల్డింగు, బోరింగు, మోటారు వైండింగు అన్నీ ఒక పూటలో తిరిగొచ్చేంత దూరంలో ఉంటాయి. ఆయిల్ సీల్ సైజు నోటితో చెబితే డబ్బాలోంచి తీసిచ్చే కొట్టువాడు ఉంటాడు. తెలుగు, దక్కనీ ఉర్దూ, కన్నడం కలిపి మాట్లాడే మెకానిక్కు ఉంటాడు. అతని చేతికి మాత్రం ఇంజన్ భాష ఒక్కటే తెలుసు.

ఆ అదృష్టంలోనే ఒక ప్రమాదం కూడా ఉంది. చేయించుకోవడం సులభమైన చోట అక్కర్లేనివన్నీ చేయించేస్తాం. దాని సంగతి బోరింగు దగ్గర చెబుతాను.

మిషన్లు దొరికే చోట్లు మీకు తెలిసినవే. సా మిల్లుల వెనక షెడ్లు, తోటల్లో కొమ్మలు కొట్టించే కాంట్రాక్టర్లు, కబాడీ దుకాణాలు. బీదర్ ముప్పై కిలోమీటర్ల దూరం. హైదరాబాద్ వెళ్తే ఎర్రగడ్డ ఆదివారం సంత, పురానాపూల్ వైపు జుమేరాత్ బజార్, విడిభాగాలకి రాణీగంజ్. ప్రభుత్వ శాఖలు మూలపడేసిన సామాను కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ ఆన్‌లైన్‌లో వేలం వేస్తుంది. కానీ అక్కడ లాట్లు లాట్లుగా కొనాలి. ఒక చైన్‌సా కోసం రెండు టన్నుల ఇనుము ఇంటికి తెచ్చుకునే ధైర్యం ఉంటే మీ ఇష్టం.

ఫ్రీగా తిరిగే ఇంజన్

కబాడీ దుకాణంలో మీకు తప్పకుండా వినబడే మాట ఒకటి ఉంటుంది. దుకాణదారు మిషన్‌ని బల్ల మీద పెట్టి, స్టార్టర్ తాడు సర్రున లాగి, "చూడు అన్నా, ఎంత ఫ్రీగా తిరుగుతుందో!" అంటాడు. అతను మోసం చేయడం లేదు, నిజంగానే అది గొప్ప అనుకుంటున్నాడు. తాడు అలా సర్రున వచ్చిందంటే లోపల కంప్రెషన్ లేదని అర్థం. మంచి ఇంజను తాడుని అంత తేలిగ్గా ఇవ్వదు, ప్రతి చుట్టుకీ ఒకసారి బిగబడుతుంది.

గేజీ లేకుండా చేసే పరీక్ష ఒకటుంది. చైనునీ, అది తిరిగే బార్‌నీ తీసేసి, తాడు పిడి పట్టుకుని మిషన్‌ని గాల్లోకి ఎత్తండి. ఆగి ఆగి, కుదుపు కుదుపుగా కిందికి దిగితే రింగుల్లో సత్తువ ఉంది. బకెట్టు బావిలో పడ్డట్టు జారిపోతే బేరం మళ్లీ మొదలుపెట్టాలి. తాడు పాతదైతే ముందు దాని సంగతి చూసుకోండి, తెగిందంటే పది కిలోల మిషను మీ పాదమ్మీదే పడుతుంది. గేజీ ఉంటే ఇంకా మంచిది. ప్లగ్గు చోట బిగించి నాలుగైదుసార్లు లాగితే 120 పీఎస్‌ఐ పైన చూపించాలి. 150 వచ్చిందంటే అమ్మేవాడి ముందు సంతోషం బయటపెట్టకండి.

తర్వాత పని సైలెన్సర్ విప్పడం. కొనకముందే విప్పాలి. డబ్బులిచ్చాక విప్పడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. సాధారణంగా రెండు నట్లో, రెండు బోల్టులో ఉంటాయి. జేబులో చిన్న పానా, సెల్‌ఫోన్ లైటు చాలు. సైలెన్సర్ పక్కకి తీస్తే సిలిండర్ గోడలో చిక్కుడు గింజ ఆకారంలోనో, నలుచదరంగానో ఒక కన్నం కనబడుతుంది. ఆ కన్నంలోకి లైటు వేసి తాడుని మెల్లగా లాగండి. పిస్టన్ పైకీ కిందికీ వస్తుంది. దాని పక్కభాగం పొగచూరిన గోధుమరంగులో ఉండి, గోరు జారేంత నున్నగా కనిపిస్తే అది బతికిన మిషను. అడ్డంగా సన్నటి గీతలు కనబడితే కంగారుపడకండి, అవి తయారీలో లేతు వదిలిన ఆనవాళ్లు. నిలువునా గీతలుండి, అల్యూమినియం చెదిరి పూసినట్టు తెల్లగా మెరుస్తుంటే మాత్రం అది ఆయిలు లేని పెట్రోలుతో నడిచి కాలిపోయిన పిస్టన్. రింగు కూడా అక్కడే కనబడుతుంది. కొనమొద్దుగా ఉన్న పుల్లతో నొక్కి చూడండి. స్ప్రింగులా లోపలికి పోయి మళ్లీ బయటికి రావాలి. రాలేదంటే బొగ్గు పట్టి ఇరుక్కుంది.

రెండు నిమిషాల పని. ఈ రెండు నిమిషాలు చాలామంది చూడరు. ట్యాంకు మీద రంగు చూస్తారు, కంపెనీ పేరు చూస్తారు, పాత సినిమాలో విలన్ చేతిలో చూసిన మిషనే ఇది అని మురిసిపోతారు.

పేరు గురించి రెండు జాగ్రత్తలు చెప్పాలి. మన దగ్గర పెద్ద మొద్దులు కోసేవాళ్ల చేతుల్లో బాగా నలిగిన పాత మోడల్ జర్మనీ కంపెనీ స్టిల్ వారి 070. 105 సీసీ ఇంజను, చిన్న మోటారు సైకిలు శక్తి ఉంటుంది. అంత పేరున్న మిషను కాబట్టే దానికి నకళ్లు కూడా కుప్పలు తెప్పలుగా వచ్చాయి. స్టిక్కరు నమ్మకండి, పోత నమ్మండి. లోహంలోనే పోసిన అక్షరాల అంచులు, పలక మీద కొట్టిన సీరియల్ నంబరు, కార్బరేటర్ మీద టిల్లట్‌సన్ లాంటి అసలు తయారీదారు పేరు చూడండి. 'వెస్ట్ జర్మనీ' అని ఉంటే ఆ మిషను 1990 అక్టోబరు నాటి జర్మనీ ఏకీకరణకి ముందుది. ఏ పుస్తకమూ తిప్పకుండా వయసు చెప్పగలిగే గుర్తు అది. 070కి ముందు ఎంఎస్ అక్షరాలు చేరి ఉంటే అది తర్వాతి కాలపు సరుకు.

కబాడీవాడి ధరకి ఆధారం కిలో రేటు. దానికి పైన అడిగేదంతా మీ కళ్లల్లో కనబడ్డ ఆశకి. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడే ఒక అంకె అనుకుని వెళ్లండి. సంతలో నిలబడి అనుకునే అంకె ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది.

ఎన్ని కావాలి?

సేకరణ అంటే సంఖ్య అనుకునేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఒకే రకం మిషన్లు ముప్పై వరసగా పేర్చినవాడి గది గోదాములాగే ఉంటుంది. నా లెక్కలో ఐదు చాలు. చైన్‌సా మనిషి చేతిలోకి ఎలా వచ్చిందో చెప్పడానికి ఐదు వస్తువులు సరిపోతాయి.

మొదటిది అసలు ఇంజనే లేనిది: ఇద్దరు చెరో వైపు లాగే రంపం. మన ఊళ్లల్లో వడ్రంగుల ఇళ్లల్లో ఇంకా దొరుకుతుంది, దాని పళ్ల మధ్య పొట్టు ఎలా బయటపడుతుందో చూస్తే తర్వాతి కథంతా అర్థమవుతుంది. ఆండ్రియాస్ స్టిల్ 1926లో జర్మనీలో చేసిన మొదటి కరెంటు రంపం 64 కిలోలు. మరుసటి ఏడాది ఎమిల్ లెర్ప్ డోల్మార్ కొండ మీద పెట్రోలు రంపం నడిపి చూపించాడు. అది 58 కిలోలు. ఇవన్నీ ఇద్దరు మోసేవే. ఒక్క మనిషి పట్టుకునే స్టిల్ 1950లో వచ్చేసరికి బరువు 16 కిలోలకి దిగింది. ఆ తరం మిషన్లలో ఇంజనుకీ చైనుకీ మధ్య గేర్లుండేవి. అలాంటి గేరు మిషను దొరికితే మీ రెండోది అదే. కానీ మన వైపు దొరకడం కష్టం. 1959లో కాంట్రా మోడల్‌తో స్టిల్ గేర్లు తీసేసి చైన్‌ని నేరుగా ఇంజనుకే తగిలించింది. 070 ఆ వంశానిదే, మూడో చోటు దానిది. అదే 1959లో స్వీడన్‌లో హుస్క్‌వర్నా కూడా ఈ రంగంలోకి దిగింది. 1689లో తుపాకులు చేయడానికి పుట్టిన ఆ సంస్థ కుట్టుమిషన్లు, మోటారు సైకిళ్లు చేసిన అనుభవంతో వచ్చింది. 1960ల మధ్య నుంచి పిడికీ ఇంజనుకీ మధ్య రబ్బరు పెట్టి వణుకు తగ్గించిన మిషన్లు వచ్చాయి. అది నాలుగోది. చేతి ముందు కాపలా ఉండి, తగలగానే చైను ఆపేసే బ్రేకు 1970లలో వచ్చింది. అది ఐదోది.

వీటన్నిటికంటే పెద్ద మార్పు మాత్రం చైనులో జరిగింది. మొదట్లో చైను పళ్లు చేతిరంపం పళ్లలాగే ఉండేవి, గంటగంటకీ మొండివయ్యేవి. అమెరికాలో ఒరెగాన్ అడవుల్లో కట్టెలు కొట్టే జోసెఫ్ కాక్స్ 1946లో ఒక మొద్దులో పురుగు తొలుస్తుంటే చూశాడు. దాని దవడలు అటొకటి ఇటొకటి వంగి, చెక్కని కోయకుండా చెక్కుకుంటూ పోతున్నాయి. ఆ దవడల తీరులోనే పోర్ట్‌లాండ్‌లో ఇంటి నేలమాళిగలో చైను తయారుచేసి 1947లో అమ్మడం మొదలుపెట్టాడు. ఇవాళ జహీరాబాద్‌లో వేపకొమ్మ కొట్టే చైనుకీ ఆ వంకీ పన్నే ఉంటుంది. బాగుచేసేటప్పుడు పన్నుని భూతద్దం కింద ఒకసారి చూడండి. పై అంచు కోస్తుంది, పక్క అంచు చీలుస్తుంది, ముందున్న చిన్న గడ్డ ఎంత లోతు కొరకాలో నిర్ణయిస్తుంది.

విప్పడం

మీ చేతిలో స్టార్ట్ కాని మిషను ఉంది. ఇప్పుడే మీ వేళ్లు దురద పెడతాయి. అవసరం లేని ఒక్క స్క్రూ కూడా ముట్టుకోవద్దు.

ఇంజను నడవడానికి మూడు కావాలి: కంప్రెషన్, నిప్పురవ్వ, సరైన పాళ్లలో పెట్రోలు. కంప్రెషన్ కొనేటప్పుడే చూశారు. ప్లగ్గు విప్పి, దాని ఒంటిని సిలిండర్ రెక్కకి ఆనించి, పెట్రోలు దగ్గర్లో లేకుండా చూసుకుని, నీడపట్టున తాడు లాగండి. నీలం రవ్వ కనబడిందా? అయితే ఆయిలు కలిపిన పెట్రోలు రెండు చుక్కలు ప్లగ్గు కన్నంలో వేసి, ప్లగ్గు బిగించి మళ్లీ లాగండి. మిషను రెండు సెకన్లు దగ్గి ఆగిపోతే పండగ చేసుకోవచ్చు. ఇంజను బాగుంది, కరెంటు బాగుంది, తప్పంతా కార్బరేటర్‌దే. ఇక క్రాంకు, క్లచ్చు, మ్యాగ్నెట్ వైపు చూడాల్సిన పనే లేదు. సగానికి పైగా పాత మిషన్ల కథ ఇక్కడే ముగుస్తుంది. ఇక్కడ ఆగలేని వాళ్ల మిషన్లే సంచుల్లోకి పోతాయి.

కార్బరేటర్ లోపల సిగరెట్టు పెట్టె అట్ట మందం కూడా లేని ఒక రబ్బరు పొర ఉంటుంది, డయాఫ్రమ్ అంటారు. పాతకాలం ఫ్లోటు కార్బరేటర్లకి మిషను నిటారుగా ఉండాలి, ఈ పొర వచ్చాకే చైన్‌సాని ఎటు తిప్పినా నడిచే వీలు కలిగింది. ఏళ్లు గడిస్తే అది ఎండి అప్పడంలా పెళుసవుతుంది. దానికితోడు ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో ఇరవై శాతం దాకా ఇథనాల్. ఇథనాల్ తేమ పీలుస్తుంది, పాత రబ్బరు గొట్టాల్ని ఉబ్బించి మెత్తబరుస్తుంది. చెరకు పండే గడ్డ మీద ఉండి చెరకు సారాయి మిషన్‌ని తింటోందని తిట్టుకోవడం కొంచెం ఇబ్బందే. కానీ నిజం అదే. డయాఫ్రమ్ కిట్, పెట్రోలు గొట్టం, ట్యాంకులో ఫిల్టరు: ఈ మూడూ అడగకుండానే కొత్తవి వేసేయండి. టిల్లట్‌సన్, వాల్‌బ్రో కార్బరేటర్లకి కిట్లు ఇప్పటికీ దొరుకుతాయి. విప్పే ముందు గ్యాస్‌కెట్టు, డయాఫ్రమ్ ఏది పైన ఏది కింద ఉందో ఫొటో తీసుకోండి. ఆ వరస తారుమారైతే మిషను ఎందుకు స్టార్ట్ కావట్లేదో వారం రోజులు తెలీదు. కన్నాల్లో తీగ పెట్టి గుచ్చవద్దు, కార్బ్ క్లీనరు, గాలి చాలు.

నిప్పురవ్వ రాకపోతే పని మ్యాగ్నెట్ కిందికి పోతుంది. పాత స్కూటర్లు చేసిన మెకానిక్కుకి ఇది చంటిపిల్లాడి పని. అక్కడ కరెంటుని కలిపి తెంచే పాయింట్లు నల్లబడి ఉంటాయి. సన్నటి ఎమిరీతో రుద్ది, తెల్లకాగితం మధ్యలో పెట్టి లాగి తుడవండి. పాయింట్లు విడివడ్డప్పుడు సందు 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు. కాయిల్‌కీ మ్యాగ్నెట్‌కీ మధ్య విజిటింగ్ కార్డు మందం. మ్యాగ్నెట్‌ని తీయడానికి పుల్లర్ వాడండి. సుత్తి తీసుకునేవాడి చేతిలోంచి సుత్తి లాక్కోండి, పెద్దవాడైనా సరే. క్లచ్చు విప్పాల్సి వస్తే గుర్తుంచుకోండి, చాలా చైన్‌సాలకి అది ఉల్టా చూడీ. బిగిస్తున్నామనుకునే వైపు తిప్పితే ఊడుతుంది. ఇంజను తిరక్కుండా ఆపడానికి ప్లగ్గు కన్నంలోంచి మెత్తటి నైలాన్ తాడు దూర్చి పిస్టన్‌కి ఆనించండి, ఇనుప కడ్డీ పెడితే పిస్టన్ తలకి గుంట పడుతుంది.

ఇక బోరింగు. పిస్టన్ మీద గీతలు చూపించగానే మన మెకానిక్కు అలవాటు కొద్దీ, "సిలిండర్ ఇవ్వండి సార్, ఒక సైజు బోర్ కొట్టిచ్చి ఓవర్‌సైజు పిస్టన్ వేద్దాం" అంటాడు. ఇనుప సిలిండరున్న బండ్లకి అది సరైన మాట. కానీ మంచి చైన్‌సాల సిలిండర్ అల్యూమినియం, లోపలి గోడ మీద క్రోమియమో నికెలో అతి పలచగా పూసిన పూత ఉంటుంది. బోరింగు మిషను ఆ పూతని చెక్కేస్తుంది. తర్వాత ఏ పిస్టన్ వేసినా మెత్తటి అల్యూమినియం మీద రుద్దుకుని రోజుల్లో చస్తుంది. కొన్ని పాత అమెరికన్ మోడళ్లకి మాత్రం ఇనుప లైనరు ఉంటుంది. అయస్కాంతం ఆనిస్తే తెలిసిపోతుంది. లేతు దగ్గరికి వెళ్లే ముందు జేబులో ఒక అయస్కాంతం వేసుకోండి. ఊళ్లో బోరింగు షాపు ఉన్నందువల్ల వచ్చే నష్టం అంటే ఇదే.

పిస్టన్ పట్టేసి ఉంటే ప్లగ్గు కన్నంలో డీజిలు, గేరు ఆయిలు కలిపి పోసి మూల పెట్టండి. రోజూ మ్యాగ్నెట్ మీద చెయ్యి వేసి కొంచెం ఊపండి. వదిలేది తనే వదులుతుంది.

విప్పిన ముక్కలకి కోడిగుడ్ల అట్ట ట్రే కంటే మంచి పెట్టె లేదు. విప్పిన వరసలో ఒక్కో గుంటలో ఒక్కో స్క్రూ పెట్టండి. ఇంట్లో ఒకసారికి ఒక్క మిషనే విప్పి ఉండాలి. రెండోది ఎంత ఊరిస్తున్నా, మొదటిది నడిచి, పెట్టెకెక్కే దాకా దాని స్క్రూ కదపకూడదు. ఇంట్లోవాళ్లు ఈ సరదాని భరించేది ఈ ఒక్క నియమం వల్లనే. భోజనాల బల్ల మీద రెండు కార్బరేటర్లు ఉన్న ఇంట్లో ఎవరి ఓపికా ఎక్కువ రోజులు నిలవదు.

రంగు

రంగు కొట్టాలా వద్దా అని అడిగేవాళ్లకి నా సమాధానం: వద్దు. పిడి దగ్గర రంగు ఊడి లోహం కనబడుతుందంటే అక్కడ ఒక మనిషి చెయ్యి ఏళ్ల తరబడి ఉందని. కొత్త రంగు వేయించిన మిషన్లో ఆ మనిషి ఉండడు. డీజిలూ బ్రష్షుతో జిడ్డు వదిలించి, సబ్బునీళ్లతో తుడిచి, ఎండలో ఆరబెట్టి, పలచగా నూనె రాస్తే చాలు. పెచ్చులూడి తుప్పు తినేస్తున్న చోట మాత్రం ఆ మేరకు రంగు వేయండి.

పాత మిషన్ల పెంకు చాలావరకు మెగ్నీషియం. దీన్ని బాత్రూము కడిగే యాసిడ్‌లో ముంచారంటే బుసబుసా పొంగి గుంటలు పడుతుంది. గ్రైండరు పెట్టి రుద్దారంటే రాలిన పొడి అంటుకుంటుంది, ఆ మంట మీద నీళ్లు పోస్తే ఇంకా ఎగుస్తుంది. పొడి ఇసుక బకెట్టు దగ్గర పెట్టుకోండి. వానాకాలంలో మెగ్నీషియం మీద సున్నంలా తెల్లపొడి లేస్తుంది. నూనె గుడ్డతో తుడుస్తూ ఉండటమే మందు.

నడపడం, కోయడం

లీటరు పెట్రోల్లో 40 మిల్లీలీటర్ల మంచి టూటీ ఆయిలు, అంటే 25కి 1. కొత్త మిషన్లకి 50కి 1 చెబుతారు. పాత బేరింగులకి కొంచెం ఎక్కువ ఆయిలే మంచిది, పొగ వస్తే రానివ్వండి. కారు ఇంజనాయిలు కలపకండి. కార్బరేటర్ రెండు స్క్రూలనీ మెత్తగా చివరిదాకా బిగించి, ఒక్కో చుట్టు వెనక్కి తిప్పి మొదలుపెట్టండి. ఫుల్ రేసులో ఇంజను గొంతు కొంచెం తడబడుతూ, బరబరమంటూ ఉండాలి. చాలామంది ఆ తడబాటు నచ్చక, స్క్రూ బిగించి, కీచుమనేదాకా తెస్తారు. వినడానికి బాగుంటుంది. కానీ పెట్రోలుతోపాటే ఆయిలూ తగ్గిపోయి, మీరు కొనేటప్పుడు సైలెన్సర్ కన్నంలోంచి వెతికిన నిలువు గీతలే మీ పిస్టన్ మీద పడతాయి. బరబర దగ్గరే ఆపేయండి. కట్టెలో పెట్టగానే గొంతు దానంతటదే సాఫవుతుంది.

చైన్‌కి కొత్త ఆయిలే పోయండి. కాలిన ఇంజనాయిల్లో ఇనుప రజను ఉంటుంది, అది బార్‌నీ అరగదీస్తుంది, మీ చేతుల మీదా చిమ్ముతుంది. 070కి సాధారణంగా వాడే 0.404 పిచ్ చైను పదును పెట్టడానికి 5.5 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి, 30 డిగ్రీల కోణం. ప్రతి పన్నుకీ ఒకే లెక్కన రుద్దండి, లేకపోతే కోత ఒక పక్కకి లాగేస్తుంది. వచ్చే పొట్టు చూడండి. గోధుమరవ్వలా వస్తే పదునుంది, పిండిలా వస్తే లేదు.

ఇప్పుడు అసలు విషయం. 1970లకి ముందు మిషనుకి చైను బ్రేకు ఉండదు. బార్ ముక్కులో పైభాగం కట్టెకి తగిలిందంటే మిషను మొత్తం ఎగిరి మీ మొహం వైపు వస్తుంది, రెప్పపాటులో. మీ బలం దాని ముందు పనికిరాదు. అందుకని పాత మిషన్‌తో నేల మీద కట్టిపెట్టిన పొడి మొద్దు తప్ప ఇంకేమీ కోయకూడదు. చెట్టెక్కకూడదు, నిచ్చెనెక్కకూడదు, భుజం పైకి ఎత్తకూడదు, ముక్కుతో పొడవకూడదు. కాళ్లకి చైన్‌సా చాప్స్, బూట్లు, కళ్లద్దాలు, చెవులకి మఫ్లు. లుంగీ, చెప్పులతో నడిపే వీడియోలు చూసి ధైర్యం తెచ్చుకోకండి. వణుకు తగ్గించే రబ్బరు లేని మిషన్ని రోజూ గంటల తరబడి పట్టుకున్నవాళ్ల వేళ్లకి రక్తం సరిగా అందక తెల్లబడి మొద్దుబారే జబ్బు వస్తుంది. ఐదు నిమిషాలు నడిపి, పది నిమిషాలు పక్కన పెట్టండి. ఎలాగూ మీరు సరదాకి నడుపుతున్నారు, కూలికి కాదు.

నిలబడున్న చెట్టు జోలికి అసలే వెళ్లొద్దు. 2002 నాటి వాల్టా చట్టం కింద మీ పొలంలో చెట్టు కొట్టాలన్నా అనుమతి తీసుకోవాలి. మిషను బాగైందన్న సంబరంలో కాంపౌండులో వేపచెట్టు మీద ప్రయోగం చేసినవాడికి జరిమానా, పక్కింటాయనతో పేచీ రెండూ దక్కుతాయి. తుఫానుకి కూలిన కొమ్మలు, సా మిల్లులో మిగిలిన చెక్కలు చాలు. అపార్టుమెంట్లో ఉండేవాళ్లు స్టార్ట్ చేయడానికి ఊరి బయట పొలం చూసుకోండి. ఆ చప్పుడు మీకు సంగీతం, కింద ఫ్లాటులో నిద్రపట్టని పెద్దాయనకి కాదు.

దాచిపెట్టడం

సరదా తీరాక ట్యాంకులో పెట్రోలు ఒంపేయండి. మళ్లీ స్టార్ట్ చేసి, కార్బరేటర్లో ఉన్నది అయిపోయి దానంతటదే ఆగేదాకా నడవనివ్వండి. ఇథనాల్ కలిసిన పెట్రోలు నిలవ ఉంచితే మళ్లీ డయాఫ్రమ్ కిట్ కోసం రాణీగంజ్ వెళ్లాలి. ప్లగ్గు విప్పి చిన్న చెంచాడు టూటీ ఆయిలు పోసి, తాడు రెండుసార్లు మెల్లగా లాగి, బిగబట్టిన చోట ఆపేయండి. అప్పుడు సైలెన్సర్, కార్బరేటర్ వైపు కన్నాల్ని పిస్టనే మూసేస్తుంది, తేమ లోపలికి పోదు. మోడల్, సీరియల్ నంబరు, ఎవరి దగ్గర కొన్నారు, ఏ ఊళ్లో ఏం కోసింది, మీరు ఏ భాగం మార్చారు అన్నీ ఒక చీటీ మీద రాసి పిడికి కట్టండి. తీసేసిన అసలు భాగాలు పారేయకుండా అదే పెట్టెలో ఉంచండి. రేపు కొనేవాడు మొదట అడిగేది వాటినే. చైన్‌ని బార్ మీద ఉంచకుండా నూనె రాసి వేరే డబ్బాలో పెట్టండి. ఇంట్లో పిల్లలుంటే ఆ డబ్బాకి తాళం వేసి, ప్లగ్గు కూడా తీసి అందులోనే పడేయండి. సిలిండర్ కన్నానికి ఆ ప్లగ్గు బదులు పనికిరాని పాత ప్లగ్గో, బిరడానో బిగిస్తే సరిపోతుంది.